పెద్దాయన ఒప్పుకున్న రోజు

1961 నవంబరు 15. వర్జీనియా రాష్ట్రం, హాంప్టన్. చెసపీక్ అఖాతానికి దగ్గర్లో నాసా వారి లాంగ్లీ పరిశోధన కేంద్రం. అందులో ఎగిరే వాహనాల మీద గాలి, అదురు, కుదుపు పడినప్పుడు ఏ భాగం ఎంత తట్టుకుంటుందో లెక్కగట్టే విభాగం ఇది. మీ ఎదురుగా జాన్ హూబోల్ట్. నలభై రెండేళ్లు. ఇల్లినాయ్‌లో పాడి పశువుల మధ్య పెరిగి ఇంజినీరు అయినవారు. ఈ పూట ఆయన ముందున్నది లెక్కల కాగితం కాదు, ఉత్తరం. తొమ్మిది పేజీలు.

ఎవరికి రాస్తున్నారో చూస్తే మీ గుండె ఒక్కసారి జారుతుంది. రాబర్ట్ సీమన్స్‌కి. నాసా అసోసియేట్ అడ్మినిస్ట్రేటర్, సంస్థ రోజువారీ పనులన్నీ నడిపించే అధికారి. ఆయనకూ హూబోల్ట్‌కూ మధ్య విభాగాధిపతి ఉన్నారు, లాంగ్లీ డైరెక్టరు ఉన్నారు, వాషింగ్టన్‌లో ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లందరినీ దాటుకుని నేరుగా పైకి రాయడం ప్రభుత్వ సంస్థలో ఎంత తప్పో హూబోల్ట్‌కు తెలుసు. ఉత్తరంలోనే ఆ మాట ఒప్పుకుంటున్నారు. అడవిలో అరుస్తున్నవాడిలా ఉంది నా పరిస్థితి అంటున్నారు. ఇదంతా చదివాక మీకు నేనో తిక్కమనిషిని అనిపించవచ్చు, భయపడకండి అని కూడా రాస్తున్నారు. ఆ తర్వాత మొహమాటం లేకుండా అడిగేస్తున్నారు: మనం అసలు చంద్రుడి మీదకు వెళ్లాలనుకుంటున్నామా, లేదా?

అధ్యక్షుడు కెనడీ మే 25న అమెరికా కాంగ్రెస్ ఉభయసభల ముందు మాట ఇచ్చేశారు, ఈ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రుడి మీద దించి క్షేమంగా తెస్తామని. ఆరు నెలలు గడుస్తున్నాయి. ఏ దారిన వెళ్లాలన్నది నాసాలో ఇంకా తేలలేదు.

పోటీలో రెండు దారులు ఉన్నాయి. మొదటిది నేరుగా వెళ్లడం. నోవా అనే మహా రాకెట్టును కట్టి, నౌక మొత్తాన్ని చంద్రుడి మీద దించి, అదే నౌకను అక్కడి నుంచి లేపి ఇంటికి తేవడం. ఆ నోవా ఇంకా కాగితం మీదే ఉంది. రెండోది అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లోని మార్షల్ కేంద్రం కోరుకుంటున్నది. అక్కడి అధిపతి వెర్నర్ వాన్ బ్రౌన్. నోవా కన్నా చిన్నవైన సాటర్న్ రాకెట్లను రెండింటిని వదిలి, భూమి చుట్టూ కక్ష్యలో సరుకును కలిపి, ఇంధనంతో పాటు కావలసిన ద్రవ ఆక్సిజన్ నింపుకుని అక్కడి నుంచి బయలుదేరడం. ఈ దారిలోనూ చంద్రుడి మీద దిగేది పెద్ద నౌకే.

హూబోల్ట్ పట్టుబడుతున్నది మూడో దారి. కాకినాడ యాంకరేజ్ రేవులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, దూరాన లంగరేస్తుంది, బార్జీలే సరుకును అటూ ఇటూ చేరేస్తాయి. అలాగే అసలు నౌక చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఉండాలి. ఇద్దరు మనుషులు ఒక చిన్న ల్యాండరులో కిందకు దిగి, పని చూసుకుని పైకి లేచి, కక్ష్యలో ఉన్న నౌకను కలుసుకోవాలి. ల్యాండరును అక్కడే వదిలేసి ఇంటికి రావాలి. ఈ ఊహ ఆయన ఒక్కరికే తట్టింది కాదు. లాంగ్లీలోనే 1960లో ఇంకొకరు దీని మీద కాగితం రాశారు. యూరీ కొండ్రాట్యుక్ అనే ఉక్రెయిన్ మేధావి అంతకు దశాబ్దాల ముందే ఊహించి పెట్టారు. హూబోల్ట్ చేసింది దాన్ని పట్టుకుని వదలకపోవడం.

ఆయన చూపించే లెక్క మీకూ ఇట్టే అర్థమవుతుంది. తిరిగొచ్చేటప్పుడు భూవాతావరణపు మంటను తట్టుకునే కవచం చంద్రుడి మీద ఎందుకు? చివర్లో సముద్రంలో దిగడానికి వాడే పారాచూట్లు అక్కడ ఎందుకు? ఇంటిదారికి దాచిన ఇంధనాన్ని కిందకు దించి మళ్లీ పైకి ఎత్తడం ఎందుకు? దించే ప్రతి కిలోకూ దించడానికి ఇంధనం కావాలి, ఎత్తడానికి ఇంధనం కావాలి, ఆ ఇంధనాన్ని భూమి నుంచి మోసుకెళ్లడానికి మళ్లీ ఇంధనం కావాలి. పైన వదిలేయగలిగింది పైనే వదిలేస్తే భూమి మీద నుంచి లేవాల్సిన బరువు సగానికి సగం తగ్గుతుంది. అప్పుడు ఒక్క సాటర్న్ చాలు.

ఇంత తేలిక లెక్క పెద్దలకు ఎందుకు ఎక్కలేదు? వాళ్లేమీ మందబుద్ధులు కారు. హూబోల్ట్ మీద జాలిపడే ముందు మీరొకసారి వాళ్ల కుర్చీలో కూర్చోండి.

1960 డిసెంబరు. నాసా పెద్దల ముందు హూబోల్ట్ చార్టులు వేలాడదీసి వివరిస్తున్నారు. ముగియగానే ఒకరు లేస్తారు. మాక్స్ ఫాజే. అమెరికా తొలి వ్యోమగాములు ఎగరబోయే మెర్క్యురీ క్యాప్స్యూల్‌కు రూపం ఇచ్చినవారు. అందరి ఎదుటే అనేస్తారు, ఆ అంకెలు అబద్ధాలు చెబుతున్నాయి, ఈయన ఏం మాట్లాడుతున్నాడో ఈయనకే తెలియదు అని. గది గదంతా హూబోల్ట్ ముఖం వైపే చూస్తోంది.

మాట కటువే. కానీ అందులో సగం నిజం ఉంది, ఈ కథలో అందరూ దాటేసే సంగతి ఇదే. లాంగ్లీ వాళ్లు అప్పట్లో వేసుకున్న ల్యాండర్లు మరీ బక్కవి. ఒకదానికైతే గది కూడా లేదు, అంతరిక్ష దుస్తులు తొడుక్కున్న మనిషి ఆరుబయట కూర్చుని దిగిపోవాలి. కొన్ని టన్నుల్లో పని అయిపోతుందని వాళ్ల అంచనా. చివరికి 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ దిగిన ల్యాండరు ఇంధనంతో కలిపి 15 టన్నులు తూగింది. క్యాప్స్యూల్ కట్టి చూసిన ఫాజే చేతికి ఆ తేడా తెలుసు. కాగితం మీది బరువు పనిలోకి దిగాక పెరిగి తీరుతుందని ఆయన అనుభవం. ఆయన అంకెల్ని శంకించడం సబబే. అంకెలు తప్పినా దారి మాత్రం తప్పదని ఆయనకు అప్పటికి కనిపించలేదు.

ఇంకో భయం అంతకన్నా లోతైనది. 1960 నాటికి ఆకాశంలో ఒక నౌక మరో నౌకను కలుసుకున్న సందర్భం ఒక్కటీ లేదు. ఆ మొదటి పనిని 3,84,000 కిలోమీటర్ల దూరంలో చేయాలట! భూకక్ష్యలో కలయిక బెడిసికొడితే కనీసం ఇంటికి దిగిపోవచ్చు. చంద్రుడి దగ్గర బెడిసికొడితే ఇద్దరు మనుషులు అక్కడే తిరుగుతూ ఉండిపోతారు, రేడియోలో వాళ్ల గొంతు వింటూ కింద అందరూ కూర్చోవాలి. ఆ మాట తలచుకున్న పెద్దవాడు ఎవరైనా తల అడ్డంగానే ఊపుతాడు.

కలయిక ఎంత సున్నితమైన పనో మన పక్కన శ్రీహరికోటను చూసినా తెలుస్తుంది. 2024 డిసెంబరు 30న అక్కడి నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు ఒక్కోటి 220 కిలోలు. భూమికి దగ్గర్లోనే, మనుషులెవరూ లేకుండా, ఒకదాన్నొకటి పట్టుకోవాలి. 3 మీటర్ల దాకా వచ్చి కూడా వెనక్కి జరిగాయి. 2025 జనవరి 16న అతుక్కున్నాయి. చంద్రుడి నుంచి మట్టి తేవడానికి తలపెట్టిన చంద్రయాన్-4 ఈ విద్య మీదే ఆధారపడింది. అది చంద్రుడి కక్ష్యలో డాకింగ్ చేయాలి. అరవై ఏళ్ల కిందట మనుషుల్ని కూర్చోబెట్టి ఇదే చేద్దామంటే ఫాజే మండిపడటంలో వింతేముంది?

హూబోల్ట్ దగ్గర దీనికి జవాబు ఉంది. చంద్రుడి దగ్గర గాలి లేదు. భూమి చుట్టూ నౌక సెకనుకు 8 కిలోమీటర్ల లెక్కన పరుగెత్తాలి, చంద్రుడి చుట్టూ అయితే కిలోమీటరున్నర చిల్లర చాలు. కలుసుకునే తంతు భూమి దగ్గర ఎంతో అక్కడా అంతే, ఇంకా చెప్పాలంటే కొంత తేలిక. చెప్పారు. కమిటీలు వేశారు. ఆ కమిటీలకూ చెప్పారు. 1961 జూన్‌లో ఒక కమిటీ ఆయన పథకాన్ని వెనక్కి నెట్టింది. మేలో సీమన్స్‌కు ఒక ఉత్తరం రాసి ఉన్నారు, దాంతో ఏమీ కదలలేదు. ఇప్పుడు నవంబరులో రాస్తున్నది రెండోది.

ఇక ఉత్తరం వెంట వాషింగ్టన్‌కు రండి.

సీమన్స్ కవరు చించుతారు. ముందు చిరాకు పడతారు, ఈ మనిషి ఉత్తరాలతో విసిగిపోతున్నాను అనుకుంటారు. ఆ వెంటనే, ఏమో, చెప్పేది నిజమే కావచ్చు అని కూడా అనుకుంటారు. దానికి కారణం ఉంది. నాసాకు రాకముందు ఆర్‌సీఏ కంపెనీలో ఉన్నప్పుడు, ఆకాశంలో ఒక ఉపగ్రహం దగ్గరకు ఇంకొకటి వెళ్లడమనే సమస్య మీద పనిచేసిన మనిషి ఆయన. కలయిక అనే మాట ఆయనకు భయం పుట్టించదు. 1960లో లాంగ్లీకి వచ్చినప్పుడు హూబోల్ట్ మాట ఓపిగ్గా విన్నదీ ఆయనే. హూబోల్ట్ గురి చూసి రాశారో, పై మనిషి గనుక రాశారో గాని, ఉత్తరం వెళ్లాల్సిన చోటికే వెళ్లింది. డిసెంబరు మొదట్లో ఆయన జవాబిచ్చారు. సంస్థలో పనిచేసేవాళ్లు మనసులోది చెప్పలేని స్థితి వస్తే అందరికీ నష్టమన్నది ఆ జవాబు సారాంశం.

ఆ ఉత్తరం మానవ యాత్రల అధిపతి బ్రెయినర్డ్ హోమ్స్ చేతికి వెళ్లింది. ఆ ఘాటు హోమ్స్‌కు నచ్చలేదు. అయినా చింపేయలేదు. కొత్తగా చేరిన తన సహాయకుడు జో షేకి ఇచ్చి, నిజానిజాలు తేల్చమన్నారు. షే ఏ పక్షం మనిషీ కాదు, హంట్స్‌విల్‌కూ లాంగ్లీకీ కొత్త. 1962 జనవరిలో లాంగ్లీకి వచ్చి హూబోల్ట్ పక్కన కూర్చున్నారు, కాగితాలన్నీ పరచి చూపించమన్నారు. ఉత్తరానికి దక్కిన అసలు ఫలం నా దృష్టిలో ఇదే. ఎవరినీ ఒప్పించలేదు గాని, మొదటి నుంచీ లెక్కగట్టి చూసే తీరికా అధికారమూ ఉన్న ఒక మనిషిని తెచ్చి లెక్క ముందు కూర్చోబెట్టింది.

ఈలోగా ఫాజే వాళ్ల బృందం మనసు దానంతటదే మారుతోంది. కారణం వాదన కాదు, వాళ్ల సొంత డ్రాయింగు బల్ల. ఒకసారి ఆ బల్ల మీదకు వంగి చూడండి. నేరుగా దిగే పద్ధతిలో వ్యోమగాములు కోసుగా ఉన్న క్యాప్స్యూల్‌లో వెల్లకిలా పడుకుని ఉంటారు. వాళ్ల వీపు కింద పొడుగాటి రాకెట్టు దశ ఉంటుంది. ఆ మొత్తాన్ని తోక కిందకు పెట్టి, ముక్కూ మొహం తెలియని నేల మీద నిలువుగా దించాలి. పడుకున్నవాడికి కనిపించేది ఆకాశం. నేల కనపడాలంటే ఏం చేయాలి? అద్దాలు పెడదామా, కిటికీ ఎక్కడ తెరుద్దాం, బయట బాల్కనీ లాంటిది కడదామా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. క్యాప్స్యూల్ ఆకారం భూమి మీదకు తిరిగి రావడానికి సరిపోతుంది. చంద్రుడి మీద దిగడానికి అదే ఆకారం అడ్డు. ఒకే నౌక ఈ రెండు పనులూ చేయాలన్నదే వాళ్ల తలనొప్పి.

హూబోల్ట్ పథకంలో ఆ నొప్పి లేదు. దిగడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి. దిగేదానికి గాలితో పనిలేదు గనుక ఎలాంటి ఆకారమైనా ఉండవచ్చు, కాళ్లు పెట్టుకోవచ్చు, కిందకు చూసే కిటికీలు పెట్టుకోవచ్చు. బరువు తగ్గుతుందని ఏడాది పైగా చెబితే కదలని మనుషులు, కిటికీ దగ్గర కదిలారు. 1962 తొలి నెలలకల్లా ఫాజే, ఆయన పైనున్న రాబర్ట్ గిల్‌రూత్ కూడా మూడో దారికి వచ్చేశారు. ఏప్రిల్ 16న ఆ బృందమే హంట్స్‌విల్ వెళ్లి, వాన్ బ్రౌన్ ఎదుట చార్టులు పరచి వాదించింది. అంకెలు అబద్ధమన్న నోళ్లే ఇప్పుడు ఆ దారి గురించి చెబుతున్నాయి. ఏప్రిల్ నాటి అంకెలు కూడా మారాయి, బక్క ల్యాండరు పోయి ఒళ్లున్న ల్యాండరు వచ్చింది. శంకించినవాళ్లు చేయి వేయడం వల్లనే పథకానికి నిలబడే బలం వచ్చింది.

మిగిలింది ఒక్క పెద్దాయన.

1962 జూన్ 7. హంట్స్‌విల్, మార్షల్ కేంద్రం. రాకెట్ ఇంజిన్లను కట్టేసి మండించినప్పుడు ఊళ్లో కిటికీల అద్దాలు గలగలలాడే చోటు. మీరు సమావేశపు గదిలో వెనక వరసలో కూర్చున్నారు. వాషింగ్టన్ నుంచి జో షే వచ్చారు. ముందు వాన్ బ్రౌన్, యాభై ఏళ్ల మనిషి. జర్మనీలో హిట్లర్ సైన్యానికి వీ-2 క్షిపణి కట్టిన చేతులవి, దాన్ని తయారుచేయడంలో ఖైదీలు వేలమంది చచ్చిపోయారన్నది ఆయన వెంటే వచ్చిన చరిత్ర. ఆ లెక్క వేరు, అది తీరలేదు కూడా. ఈ గదిలో మాత్రం ఆయన మాటే వేదం. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది ఆయనతో పాటు సముద్రం దాటి వచ్చినవాళ్లు.

పొద్దున్నించీ వాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి చెబుతూనే ఉన్నారు. భూకక్ష్యలో కలిపే పద్ధతి ఎంత గట్టిదో, ద్రవ ఆక్సిజన్ ఎలా నింపాలో, ఏది ఎప్పటికి సిద్ధమవుతుందో. నెలల తరబడి చేసిన పని అది. ఆ పద్ధతి నెగ్గితే రెండేసి రాకెట్లు, ట్యాంకర్లు, డాకింగ్ ఏర్పాట్లు, అన్నీ హంట్స్‌విల్‌కే వస్తాయి. చంద్రుడి కక్ష్య పద్ధతి నెగ్గితే అందులో చాలా పని పోతుంది. గదిలో ఉన్నవాళ్ల జీవనం, గౌరవం రెండూ ఈ చార్టుల్లో ఉన్నాయి. పెద్దాయన వింటున్నారు. ముఖంలో ఏమీ తెలియడం లేదు.

చివర్లో ఆయన లేస్తారు. ముందే రాసి తెచ్చుకున్న కాగితాలు తీసి చదవడం మొదలుపెడతారు.

పరిశీలించిన పద్ధతులన్నీ సాంకేతికంగా సాధ్యమే అంటారు. ఆయన మనుషులు తల ఊపుతారు. ఈ దశాబ్దంలో పని పూర్తవుతుందన్న నమ్మకం అన్నిటికన్నా ఎక్కువగా కలిగించేది చంద్రుడి కక్ష్యలో కలుసుకునే పద్ధతి, మార్షల్ కేంద్రం దాన్నే సిఫారసు చేస్తోంది అంటారు.

పక్కన కూర్చున్నవాళ్లను చూడండి. ఎవరికీ ముందు చెప్పలేదు. రోజంతా ఎవరికోసం వాదించారో ఆ మనిషే ఇప్పుడు ఆ వాదన పక్కన పెట్టేశారు.

ఆయన ఆగకుండా చదువుతున్నారు. మొదట్లో ఈ పద్ధతి మీద మాకూ అనుమానాలే ఉండేవని దాచకుండా చెబుతారు. గట్టిగా పరిశీలించాక అవి పోయాయంటారు. తిరిగొచ్చే నౌకనూ దిగే నౌకనూ విడదీయడంలో ఎంతో సుఖం ఉందంటారు. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ కేంద్రం ఏం కట్టాలో ఈ పద్ధతిలో స్పష్టంగా గీత గీయవచ్చంటారు. ఈ నిర్ణయం కొద్ది వారాల్లో తీసుకోకపోతే దశాబ్దం చేజారిపోతుందంటారు. ఇంకో మాట కూడా. ఇది మనం కనిపెట్టింది కాదు గనుక వద్దు అనే జబ్బు ఇక్కడ అంటలేదు, మనమూ, హ్యూస్టన్‌లోని గిల్‌రూత్ వాళ్లూ ఇద్దరమూ మూడో చోటి నుంచి వచ్చిన ఊహనే తీసుకున్నాం అని.

ఆ మూడో చోటు లాంగ్లీ. అక్కడి మనిషి ఈ గదిలో లేరు.

ఇక్కడ ఒక్క క్షణం నిలబడాలనిపిస్తుంది నాకు. ఆయన్ను గెలిచినవాళ్లు ఎవరూ లేరు. గడువు ఆయన్ను గెలిచింది. హూబోల్ట్ చార్టుల్లో కిలోలు ఉన్నాయి, వాన్ బ్రౌన్‌కు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది 1969 డిసెంబరు. రెండు రాకెట్లను ఒకదాని వెంట ఒకటి వేళ తప్పకుండా ఎగరేయాలి, ఒకటి ఆలస్యమైతే రెండోది చెడుతుంది. ఒక్కటే రాకెట్టు చాలు అన్నప్పుడు ఆ బరువు ఆయన తల మీద నుంచి దిగిపోతుంది. మా పథకం మీ పథకం కన్నా గొప్పది అని హూబోల్ట్ చెప్పినంత కాలం అది లాంగ్లీ పథకంగానే ఉంది. మీ గడువుకు దారి ఇది అని లెక్క తేలిన రోజున అది వాన్ బ్రౌన్ పథకం అయింది. అయినా తన సొంతవాళ్ల కష్టాన్ని వాళ్ల ఎదుటే పక్కన పెట్టడానికి మనిషికి గుండె ఉండాలి. ఆయన గతాన్ని క్షమించకుండానే ఆ గుండెను మెచ్చుకోవచ్చు.

నాసా జూలై 11న నిర్ణయాన్ని ప్రకటించింది. హూబోల్ట్ ఆ సమయానికి పారిస్‌లో ఉన్నారు, ఒక సదస్సులో వేరే విషయం మీద మాట్లాడటానికి వెళ్లారు. వార్త చూసిన ఆయన విభాగాధిపతి చేయి కలిపి అభినందించారు, ప్రభుత్వానికి 2,000 కోట్ల డాలర్లు ఒంటిచేత్తో మిగిల్చిన మనిషితో చేయి కలుపుతున్నానని. ఏడాది తిరిగేసరికి, 1963లో, హూబోల్ట్ లాంగ్లీ వదిలి ప్రిన్స్‌టన్‌లో ఒక సంస్థకు వెళ్లిపోయారు.

కానీ నిర్ణయం ప్రకటించగానే గొడవ ముగియలేదు. సెప్టెంబరు 11న మళ్లీ హంట్స్‌విల్ రండి. అధ్యక్షుడు కెనడీ వచ్చారు. వెంట ఆయన సైన్సు సలహాదారు జెరోమ్ వీస్నర్, నాసా అధిపతి జేమ్స్ వెబ్, బ్రిటన్ రక్షణ మంత్రి. తాడు కట్టిన అవతల విలేకరులు. వాన్ బ్రౌన్ సాటర్న్ గురించీ చంద్రుడి కక్ష్య గురించీ వివరిస్తుండగా కెనడీ మధ్యలో ఆపారు. ఈ పద్ధతి వీస్నర్‌కు నచ్చలేదట కదా అని ఆయన్ను ముందుకు పిలిచారు.

వీస్నర్ మొదలుపెట్టారు. అంత దూరంలో కలయికా, అంత ప్రమాదమా, భూమి దగ్గరే చేసుకోవచ్చు కదా. ఏడాది కిందట హంట్స్‌విల్ వాళ్లు చెప్పిన మాటలే దాదాపు. వాన్ బ్రౌన్ ఒక్కో అభ్యంతరానికి ఒక్కో జవాబు ఇస్తున్నారు. వెబ్ కలగజేసుకున్నారు. గొంతులు లేస్తున్నాయి. తాడు అవతలి వాళ్లకు మాటలు సరిగా వినిపించడం లేదు గాని చేతులు ఊగడం కనిపిస్తోంది. బరువు, గడువు, రెండు నౌకల సుఖం. హూబోల్ట్ ఏడాదిన్నర పాటు తలుపు తలుపుకూ తిరిగి చెప్పినవన్నీ ఇప్పుడు దేశాధ్యక్షుడి ఎదుట వాన్ బ్రౌన్ నోటి నుంచి వస్తున్నాయి. కెనడీయే మధ్యలో పడి, ఇంకోసారి విని ఈ పుస్తకం మూసేద్దాం అని ముందుకు కదిలారు.

వీస్నర్ మెత్తబడలేదు, వాన్ బ్రౌన్ వెనక్కి తగ్గలేదు. నవంబరు 7న ల్యాండరు కట్టే పనిని న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని గ్రమ్మన్ కంపెనీకి అప్పగిస్తున్నట్టు నాసా ప్రకటించింది.